థర్స్‌బీ గారి మనవరాలు

"ఈ దరఖాస్తు చెల్లదు," అంటూ ప్రెస్కాట్ థర్స్‌బీ కాగితాల కట్టను బల్ల మీద వెనక్కి తోసేశాడు. "జొసయా థర్స్‌బీకి అసలు పెళ్ళే కాలేదు. పెళ్ళికాని వాడికి మనవరాళ్ళు ఎక్కణ్ణుంచి ఊడిపడతారమ్మా?"

హాల్లో ఉన్న నలభై మందీ నవ్వారు.

లవీనియా పెక్ నవ్వలేదు, కూర్చోనూ లేదు. ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు నడిపిన మనిషి. వెనక సీట్ల గోలకి తల తిప్పడం ఎప్పుడో మానేసింది. కట్టను మళ్ళీ అతని ముందుకే జరిపింది.

"పెళ్ళి కాలేదని ఎవరన్నారు?"

"మా తాత రాసిన వంశచరిత్ర. ఈ ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఉంది."

రోడ్ ఐలండ్ తీరాన చిన్న ఊరది. మూడున్నర శతాబ్దాల కిందట ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చి ఆ ఊరు కట్టిన ఒబదయా థర్స్‌బీ వారసులు ఏటా జూన్‌లో ఒక శుక్రవారం చర్చి హాల్లో కలుస్తారు. ఆల్చిప్పల సూపు తాగి, మొక్కజొన్న అట్లు తిని, మెట్ల మీద ఫొటో దిగుతారు. జొసయా ఆ ఒబదయా కొడుకు. ప్రెస్కాట్ ఆ వారసుల సంఘానికి అధ్యక్షుడు. లవీనియాది ఆ నేల ఆదివాసులైన నారగాన్సెట్ తెగ. ఆ తెగ మనిషి సంఘంలో చేరతానని రావడం ఇదే మొదలు.

"మీ తాతగారు జొసయా వీలునామా సగం చదివి ఆపేశారు," అంది లవీనియా. "రెండో సగం నా దగ్గరుంది. పైకి చదివించండి."

"అవసరం లేదు."

"భయమా?"

ప్రెస్కాట్ చెవులు ఎర్రబడ్డాయి. పక్కనున్న కార్యదర్శి కోరా విట్కమ్, ఇక లాభం లేదన్నట్టు కళ్ళజోడు పెట్టుకుని కాగితం అందుకుంది. డెబ్బై దాటినా గొంతు మాత్రం హాలు చివరిదాకా వినిపిస్తుంది.

"'నా ఎర్రావును ఆదివాసీ స్త్రీ అయిన నా భార్య హెస్టర్‌కు ఇస్తున్నాను. నా మగ్గం మా కూతురు పేషెన్స్‌ది. ఆ పిల్ల చేతులకి పని తెలుసు.'"

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"పనిమనిషి అయ్యుంటుంది," అన్నాడు ప్రెస్కాట్.

"భార్య అని రాసుంది, ప్రెస్కాట్. కళ్ళజోడు ఇమ్మంటావా?" అంది కోరా.

"పేషెన్స్ నుంచి నా దాకా తొమ్మిది తరాలు," అంది లవీనియా. "ప్రతి ఒక్కరి పుట్టుకా, పెళ్ళీ, చావూ ఆ కట్టలో ఉన్నాయి. నాలుగేళ్ళు పాత దస్తావేజుల గదిలో దుమ్ము మింగి తెచ్చాను. ఏ కాగితం తప్పో చూపించండి."

ప్రెస్కాట్ ఒకటీ రెండూ తిప్పాడు. గబగబా పది తిప్పాడు. ఆగిపోయాడు. గొంతు తగ్గించి, బుజ్జగిస్తున్నట్టు అన్నాడు.

"చూడమ్మా. మీకు మీ పండగలున్నాయి, మీ సంఘాలున్నాయి. మాలో నీకేం పని?"

"మాలో కాదండీ. మనలో అనాలి." లవీనియా మొదటిసారి కుర్చీ లాక్కుని కూర్చుంది. "లెక్క ప్రకారం నేను మీకు చెల్లెల్ని. అన్నయ్యా అని పిలవనా, ప్రెస్కాట్ గారూ అననా?"

వెనక బెంచీలో ఒక ముసలి పీతల జాలరి పగలబడి నవ్వాడు. "పిలవనివ్వవయ్యా! నీకు తోబుట్టువులు లేరు కదా!"

"నియమావళిలో ఉన్నది ఒకటే మాట," అంది కోరా. "ఒబదయా రక్తం. దాని రంగు గురించి నాకైతే ఎక్కడా కనబడలేదు. ఒప్పుకునేవాళ్ళు చెయ్యెత్తండి."

ముందు జాలరి చెయ్యి లేచింది. తర్వాత ఇంకో రెండు. తర్వాత లెక్కపెట్టాల్సిన పని లేకుండా పోయింది.

కాగితం చిరిగేంత గట్టిగా సంతకం గీకాడు ప్రెస్కాట్. "సరే, సాయంత్రం ఫొటోకి ఉండు. వెనక వరసలో చోటు చూస్తాం."

"ఫొటో వద్దు. నేను ఒబదయా వారసురాలినని ఉత్తరం ఇవ్వండి, చాలు. సంఘం ముద్ర స్పష్టంగా పడాలి."

కోరా ముద్ర వేసి ఉత్తరం ఇచ్చింది. థర్స్‌బీ చిహ్నమున్న వెండి బిళ్ళ కూడా ఇవ్వబోతే లవీనియా తీసుకోలేదు.

"అయ్యో, సూపైనా తాగకుండా వెళ్తున్నావేంటి?"

"ఆఫీసు మూసేస్తారు కోరా గారూ."

రోడ్డుకి అవతలే పురపాలక కార్యాలయం. కిటికీ వెనక కూర్చున్న గుమస్తా బెర్నిస్ ఆమెను చూసి నిట్టూర్చింది.

"మళ్ళీ మీరేనా? నాలుగేళ్ళ కిందటే చెప్పాగా. ఆయన సొంత వారసులు అడిగితే తప్ప ఆ దరఖాస్తు నేను ముట్టుకోను."

లవీనియా ఉత్తరం కిటికీలోంచి లోపలికి జరిపింది. బెర్నిస్ చదివింది. ముద్రను వేలితో తడిమి చూసింది. తలెత్తి లవీనియా వంక చూసి, మళ్ళీ చదివింది. చివరికి సొరుగులోంచి దరఖాస్తు తీసి, కలం మూత విప్పింది.

"ఒబదయా థర్స్‌బీ సమాధి తరలింపు... మూడొందల ఏళ్ళుగా ఆ గుట్ట మీద పడుకున్న పెద్దాయన్ని ఎందుకు కదిలిస్తున్నారు? కారణం ఏమని రాయను?"

"ఆ గుట్ట కింద ఉన్నవి మా అమ్మమ్మల సమాధులు," అంది లవీనియా. "వాళ్ళ గుండెల మీంచి మా తాతను దించుతున్నానని రాయండి."