లింబాద్రి జేబు

బక్రీద్‌నాడు దోహాలో దేశాన్నేలే పెద్దాయన కొలువుదీరే మజ్లిస్‌కి ఎవరైనా వెళ్ళి చెయ్యి కలిపి రావచ్చు. మా క్యాంపులో తాపీపని చేసే లింబాద్రి తానూ పోతానన్నాడు. ఒకసారి కాదు, వారం నుంచి నేను కనిపించినప్పుడల్లా అదే మాట.

వీడికి అక్కడేం పని? పైగా పండగపొద్దున కొత్త చొక్కా, ఉబ్బిన జేబు. అర్జీయే అయ్యుంటుంది. వేసవి మొదలైనప్పటి నుంచి క్యాంపులో ఉప్పునీళ్ళే మరి.

క్యాంపు సూపర్‌వైజర్‌ని నేను. మేనేజరుకి ఫోన్ చేశాను.

"వాడి పక్కనే ఉండు. మిగతాది నేను చూసుకుంటా" అన్నాడు.

వరుసలో వాడి వెనకే నిలబడ్డాను.

"జేబులో ఏంటి?"

"ఏం లేదు ఎడ్విన్ సార్. మీరు ఊకె పరేషాన్ గాకుండ్రి."

ఊదు పొగ, గావా కాఫీ కప్పులు, ఏవీ నాకు పట్టలేదు. నా కళ్ళు వాడి చేతుల మీదే ఉన్నాయి.

పెద్దాయన ఎదుటికి చేరగానే వాడి చెయ్యి జేబులోకి వెళ్ళింది. నేనూ ఒకడుగు ముందుకేశాను.

తీసింది చేతిరుమాలు. అరచెయ్యి తుడుచుకుని, చెయ్యి కలిపి, ముందుకు నడిచాడు.

బస్సులో నాలో నేనే నవ్వుకున్నాను.

ముఐథర్‌లో మా క్యాంపు దగ్గర దిగేసరికి మంచినీళ్ళ ట్యాంకరు వచ్చి ఉంది. పండగపూట మేనేజరే దగ్గరుండి మా ట్యాంకు నింపిస్తున్నాడు.

"నువ్వక్కడ ఏమీ చెప్పలేదు కదరా?" అన్నాను.

లింబాద్రి బకెట్ తెచ్చి కుళాయి కింద పెట్టాడు.

"ఆడ చెప్పలే సార్. పోతున్ననని మీకు చెప్పిన గద."