ఆఖరి పీరియడ్‌లో నిశ్శబ్దం

నాలుగో తరగతి గది తలుపు మూసి ఉంది. లోపల చప్పుడు లేదు.

వరండాలో వెళ్తున్న పెద్ద మేడం టక్కున ఆగిపోయింది. ఆవిడ ఆ బడికి హెడ్మిస్ట్రెస్. లోపల ముప్ఫై ఇద్దరు పిల్లలు. అందులోనూ శుక్రవారం, అప్పుడే మొదలైన ఆఖరి పీరియడ్. గోల వినబడితే సరే అనుకోవచ్చు. ఈ నిశ్శబ్దమేమిటి? ముప్ఫయ్యేళ్ల సర్వీసులో ఆవిడ నేర్చుకున్నది ఒక్కటే. పిల్లలు నోరు మూసుకున్నారంటే ఎవరిదో కొంప ముంచుతున్నారని అర్థం.

పైగా అది కోడింగ్ క్లాసు. ఆ పేరు వింటేనే ఆవిడకు ఒళ్లు మంట. చిన్నపిల్లలకు కోడింగ్ నేర్పమని నెల కిందట ట్రస్టు వాళ్లు ఒక అమ్మాయిని పంపారు. కంప్యూటర్లు మాత్రం పంపలేదు. ఆ అమ్మాయేమో "ముందు వరసగా ఆలోచించడం రావాలండీ, కంప్యూటర్ తర్వాత" అంటూ సుద్దముక్కతోనే కానిచ్చేస్తోంది.

"ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం!" అని పెద్ద మేడం స్టాఫ్ రూములో అందరినీ నవ్వించింది.

నెల గడువు ఈ రోజుతో సరి. పెద్ద మేడం ఒక పీరియడ్ మొత్తం కూర్చుని చూసి, ఫారం మీద అభిప్రాయం రాసి, సంతకం పెట్టి సాయంత్రంలోగా ట్రస్టుకు పంపాలి. పంపకపోతే సోమవారం నుంచి క్లాసు ఉండదు. ఆ అమ్మాయి ఉద్యోగమూ ఉండదు. పాపం, ఆ అమ్మాయి నాలుగుసార్లు వచ్చి అడిగింది. "నాకు తీరికెక్కడిదమ్మా?" అని పెద్ద మేడం నాలుగుసార్లూ తప్పించుకుంది. నిన్నయితే కుళాయి దగ్గర నీళ్లు పట్టుకుంటున్న పిల్లల ముందే "నేను కూర్చుని చూస్తేగా ఆ క్లాసు ఉండేది! రేపటితో ఈ పీడ విరగడవుతుంది" అనేసింది.

ఇప్పుడేమో ఈ మూసిన తలుపు. ఆవిడ తోసుకుని లోపలికి వెళ్లింది.

పిల్లలంతా లేచి నిలబడ్డారు. బోర్డు మీద ఏదో రాస్తున్న కోడింగ్ టీచర్ వెనక్కి తిరిగి, బెదిరిపోయింది. తప్పు చెయ్యనివాళ్లకు బెదురెందుకట?

అంతలో ముందు బెంచీలోని రెండుజడల పిల్ల ఒక కాగితాన్ని గబుక్కున పుస్తకం కింద దోపింది.

"ఏమిటే అది?"

"ఏం లేదు మేడం."

"ఏం లేనిదాన్ని ఎవరైనా దాస్తారా? ఇటివ్వు!"

పుస్తకం ఎత్తి చూస్తే కాగితం లేదు. అప్పటికే రెండో బెంచీకి వెళ్లిపోయింది. ఆవిడ రెండో బెంచీ దగ్గరకు వెళ్తే అది మూడో బెంచీకి, అక్కడికి వెళ్తే ఐదో బెంచీకి. చివరి బెంచీ చేరేసరికి ఆవిడకు ఆయాసం వచ్చింది, కాగితం మాత్రం దొరకలేదు. పిల్లలందరూ ఖాళీ చేతులు చాపి చూపిస్తున్నారు. ఎంత బుద్ధిమంతులో!

"అందులో ఏముందో నీకు తెలుసా అమ్మాయ్?"

"ఒట్టు మేడం, నాకేం తెలీదు." అంది కోడింగ్ టీచర్.

నమ్మడానికి పెద్ద మేడం ఏమన్నా వెర్రిదా? అది తన మీద ఫిర్యాదే అయ్యుంటుంది. ఈ అమ్మాయే వెనకుండి పిల్లల చేత రాయించి ఉంటుంది. తీగ దొరికితే చాలు, డొంకంతా కదులుతుంది.

చివరి బెంచీ వెనక ఎవరో ఖాళీ కుర్చీ వేసి ఉంచారు. ఆవిడ అందులో ధబ్బున కూర్చుంది.

"కానీ, నీ పాఠం నువ్వు చెప్పుకో. ఆ కాగితం బయటికొచ్చేదాకా నేనిక్కణ్నుంచి కదలను."

పాఠం మొదలైంది. పెద్ద మేడం చూపు పిల్లల చేతుల మీదే ఉంది. ఒక పిల్ల మరమనిషి అట. చెప్పింది చెప్పినట్టు చెయ్యాలట, సొంత బుర్ర వాడకూడదట. ఆ మూలనున్న చీపురును ఈ మూలకు తేవాలి. మిగతావాళ్లు ఒక్కో మాటా చెప్పాలి.

"ముందుకు నడువు!" అన్నారు పిల్లలు.

మరమనిషి నడిచి నడిచి, గోడకు నుదురానించి, అక్కడే కాళ్లాడిస్తూ ఉండిపోయింది. క్లాసంతా గొల్లుమంది.

"ఎన్ని అడుగులో చెప్పాలి కదర్రా!" అని అరిచింది ఎవరో కాదు, పెద్ద మేడమే. అరిచాక నాలుక్కరుచుకుంది. ఐదు నిమిషాలు ఓపిక పట్టి మళ్లీ అరిచింది. "గోడ తగిలితే ఆగమని ముందే చెప్పాలి!"

లెక్కల పీరియడ్‌లో నోరు విప్పని పిల్లలు కూడా చేతులెత్తి పోటీ పడుతున్నారు. అది ఆవిడకు నచ్చింది. నచ్చినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

గంట మోగాక గానీ కాగితం సంగతి గుర్తు రాలేదు.

"మేడం, పీరియడ్ మొత్తం చూశారు కదా..." కోడింగ్ టీచర్ భయం భయంగా ఫారం చాపింది.

పెద్ద మేడంకు అనుమానం ఎంతుందో నిజాయితీ కూడా అంతే ఉంది. చూసింది చూడలేదని రాయడం ఆవిడ వల్ల కాదు. 'క్లాసు కొనసాగించవచ్చు' అని రాసి, కింద సంతకం పెట్టేసింది. కోడింగ్ టీచర్ మొహం అటు తిప్పుకుని కళ్లు తుడుచుకుంది.

అప్పుడు రెండుజడల పిల్ల ఎక్కణ్నుంచి తీసిందో గానీ, ఆ కాగితం తెచ్చి కోడింగ్ టీచర్‌కు ఇవ్వబోయింది.

"టీచర్, మా హోంవర్క్. పనిచేస్తుందో లేదో నడిపి చూశాకే ఇవ్వమన్నారు కదా. ఇప్పుడే చూశాం, నడిచింది!"

పెద్ద మేడం దాన్ని మధ్యలోనే లాక్కుని చదివింది.

"మరమనిషి పేరు పెద్ద మేడం: తలుపు మూసి చప్పుడు చెయ్యకపోతే లోపలికి వస్తారు, కాగితం దాస్తే చివరి బెంచీ దాకా వస్తారు, అది దొరక్కపోతే కుర్చీలో కూర్చుని గంట మోగేదాకా క్లాసు చూస్తారు."