గ్రిల్లు అవతల

వర్షిణి చేప తలకిందులైంది.

చిన్న గోల్డ్‌ఫిష్ పిల్ల. బొటనవేలంత కూడా ఉండదు. పొట్ట పైకి పెట్టి నీళ్ల మీద తేలుతోంది. కిందికి పోదామని తోక కొట్టుకుంటుంది, కాస్త దిగుతుంది, మళ్లీ బెండులా పైకొచ్చేస్తుంది.

"చచ్చిపోతుందా నాన్నా?" అంది వర్షిణి.

దానికి ఏడేళ్లు. ఈ తమిళ ఊరొచ్చి మూడు నెలలైనా స్నేహితులెవరూ లేరు. బడి నుంచి రాగానే ఆ రోజు సంగతులన్నీ చెప్పుకునేది ఈ చేపకే.

రఘురామ్ టబ్బులోకి వంగి చూశాడు. రాజమండ్రి మనిషి, ఆయనకి చేపంటే పులుసే. పదిరోజుల కిందట కూతురి పుట్టినరోజని వేళచ్చేరిలో ఏదో షాపుకి ఆర్డరిస్తే డెలివరీ అబ్బాయి సంచిలో తెచ్చిచ్చాడు. నిన్న అది తిరగబడగానే ఆ షాపు నంబరుకి తిడుతూ నాలుగు మెసేజీలు పెట్టాడు. జవాబు రాకముందే ఫోను ఆరిపోయింది.

రాత్రంతా వాన. తెల్లారేసరికి కింది వాటా మునిగింది. కరెంటు లేదు. మొదటి అంతస్తులో ముగ్గురూ ఇరుక్కుపోయారు.

ఎనిమిదింటికి మెట్ల మీద చప్పుడైంది. వర్షిణి తల్లి హైందవి తలుపు తీసింది. ఇనప గ్రిల్లు అవతల ఎవరో అరవై ఏళ్ల మనిషి, ఛాతీదాకా తడిసి నిలబడి ఉన్నాడు.

"ఎవరండీ?"

ఆయన నోరు తెరిచేలోపు లోపల్నుంచి రఘురామ్ గొంతు వినబడింది.

"ఆ షాపువాడు పచ్చి మోసగాడు. రోగిష్టి చేపని మనకి అంటగట్టాడు. దొరకనీ, చొక్కా పట్టుకుంటాను."

వచ్చినాయన తడిసిన చొక్కా కొస పిండుకున్నాడు.

"నీళ్లు తగ్గేదాకా ఈడ కూచుంటానమ్మా," అన్నాడు.

"గ్రిల్లు తియ్యనా?" అని హైందవి లోపలికొచ్చి అడిగింది.

"ముక్కూ మొహం తెలీనివాడికా? అక్కడే కూర్చోనీ."

టీ గ్లాసు చువ్వల మధ్య నుంచి వెళ్లింది. దాని వెనకే వర్షిణి గ్రిల్లు దగ్గరికొచ్చింది.

"ఎందుకు పాపా ఏడస్తా ఉండావు?"

"మా చేప తిరగబడిపోయింది."

"ఏం పెడతా ఉండారు దానికి?"

"గింజలు. రోజుకి నాలుగుసార్లు. తొందరగా పెద్దదవ్వాలని నాన్న పెడతారు."

"పైన తేలే ఎండు గింజలా? వాటితో బాటు గాలి గూడా మింగేస్తది పాపా. పొట్ట ఉబ్బి ఏది పైనో ఏది కిందో తెలీకుండా పోయిండాది. ఇట్ల తీసుకురా దాన్ని."

రఘురామ్‌కి ఒళ్లు మండింది.

"నీకెలా తెలుసయ్యా?"

"చేపల్తోనే గదా సార్ నా బతుకు."

"కాశిమేడు చేపల రేవు బాపతు," అన్నాడు రఘురామ్ పెళ్లాంతో. "వేపుడు మసాలా అడుగు, బాగా చెప్తాడు."

టబ్బు చువ్వల్లోంచి పట్టదు. గ్రిల్లుకి ఆనించి లోపలే పెట్టారు. ఆయన చెయ్యి మాత్రం లోపలికొచ్చింది. నీళ్లు నాలుగు వేళ్ల లోతుకి తగ్గించమన్నాడు. లోతుంటే కిందికి పోవాలని కొట్టుకుని అలిసిపోతుందట. రెండు రోజులు మెతుకు కూడా పెట్టొద్దన్నాడు. నీళ్లలోకి గాలి పంపే మోటరు ఆగిపోయింది కాబట్టి గ్లాసుతో నీళ్లు ముంచి మెల్లగా పోస్తూ కూర్చున్నాడు.

తాగడానికి మిగిలింది ఒకే క్యాను. మధ్యాహ్నం హైందవి ఆయనకో గ్లాసు ఇచ్చింది. సగం తాగి సగం టబ్బులో పోశాడు.

"మాకే తాగడానికి లేవు, చేపకి పోస్తావేంటి?" అన్నాడు రఘురామ్.

"నా వంతే పోసినాను సార్."

పడుకునే ముందు రఘురామ్ గ్రిల్లు తాళం రెండుసార్లు లాగి చూశాడు.

మర్నాడూ అంతే. లోపల ముగ్గురు, బయట ఒకరు, మధ్యలో చేప.

మూడో రోజు పొద్దున ఆయన పచ్చి బఠానీ అడిగాడు. హైందవి ఒక గింజ ఉడికించి ఇచ్చింది. తొక్క తీసి, మెత్తగా మెదిపి, వేలికొసతో చేప నోటి దగ్గర పెట్టాడు. తిన్నది.

మధ్యాహ్నానికి ఒక పక్కకి ఒరిగింది. కాసేపటికి నిటారుగా నిలబడి టబ్బు అడుగుని మూతితో పొడిచి చూసింది. వర్షిణి నవ్వింది. హైందవికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడే జనాన్ని తరలించే పడవ వచ్చింది. ఈ రోజుకి ఇదే ఆఖరి ట్రిప్పన్నాడు పడవాయన.

"చేపని సీసాలో పెడదాం నాన్నా."

"వద్దు పాపా," అన్నాడాయన. "కుదుపుకి మళ్లీ తిరగబడతది. నేనుండి చూసుకుంటాలే."

"మీరూ రండి, పడవలో చోటుంది," అంది హైందవి.

"దీన్ని ఒంటిగా వదిలేసి ఎట్లొచ్చేదమ్మా."

పిలిచినా రానంటున్నాడంటే ఏదో ఉద్దేశం ఉందనుకున్నాడు రఘురామ్. మూడు రోజుల తరవాత గ్రిల్లు తెరుచుకుంది. టబ్బు బయటికొచ్చింది. రఘురామ్ గ్రిల్లు మూసి, ఉన్న తాళానికి తోడు ఇంకో తాళం వేశాడు. మెట్ల మీదాయన పక్కకి జరిగి చోటిచ్చాడు. హైందవి సిగ్గుతో తలెత్తలేదు. బిస్కెట్ ప్యాకెట్టు ఆయన పక్కన పెట్టి మెట్లు దిగింది.

పేరైనా అడగలేదని పడవ కదిలాక గుర్తొచ్చింది ఆవిడకి.

సాయంత్రం నంగనల్లూరులో రఘురామ్ ఆఫీసు స్నేహితుడి ఇంట్లో ఫోను ఛార్జింగుకి పెట్టారు. మూడు రోజుల మెసేజీలు వరసగా వచ్చిపడ్డాయి. వాటిల్లో చేపల షాపు నంబరు నుంచి ఒక వాయిస్ మెసేజి. కింది వాటా మునిగిన రోజు పొద్దున్న ఆరున్నరకి పంపింది.

"ఇప్పుడు తీరిందా వీడికి. విందాం ఏం కూస్తాడో," అని స్పీకర్ నొక్కాడు రఘురామ్.

"సార్, వీరరాఘవులు మాట్లాడతా ఉండా. మీరు తిట్టినా తప్పులేదు సార్."

"గ్రిల్లు దగ్గర తాతే," అంది వర్షిణి.

"నేనొచ్చేదాకా దానికి తిండి పెట్టొద్దండి, నడిచి వస్తా ఉండా. రాత్రి అంగట్లోకి నీళ్లొచ్చి తొట్లన్నీ కొట్టుకోని పోయినాయి, నేను పెంచినవాటిల్లో మీ పాప దగ్గరుండేదొకటే మిగిలిండాది."