రెండో ఓటు

“బైబిలు మీద చెయ్యెట్టి సెప్పరా. కొండబాబుకి ఓటేసింది నువ్వేనా?”

“నాను కాదు బాబూ. దేవుడి తోడు.” లక్ష్ముడు ఒట్టు వేశాడు.

“పో. తరవాతోడు రా.”

ప్రార్థన మందిరం ముందు నరసింగరావు కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ఊళ్లో సగం భూమి ఆయనదే. పక్కన కర్రలు పట్టుకుని ఇద్దరు మనుషులు, వెనక ఎడ్ల బండి. పాస్టరు దేవసహాయం గారు తన బైబిలు తానే ఎడమచేతిలో పట్టుకుని నిలబడక తప్పలేదు. ఎదురుగా పేటంతా వరస కట్టి ఉంది.

వరసలో గురమ్మ కూడా ఉంది. తన గురించి ఆమెకు భయం లేదు. నరసింగరావు చెప్పినట్టే నోరు మూసుకుని ఆయన నిలబెట్టిన సింహాచలానికి ఓటు వేసి వచ్చింది. భయమంతా ముందు నిలబడ్డ మొగుడు అప్పలసూరి గురించే. పేటకు మంచినీళ్ల నుయ్యి తవ్విస్తానని పంచాయతీ వార్డుకు పోటీ చేసిన కొండబాబుతో అప్పలసూరి రెండు మూడుసార్లు మాట్లాడటం ఆమె చూసింది. సింహాచలమా, నరసింగరావు పాలేరు. వాడిచేత నుయ్యి కాదు కదా, గుంట కూడా తవ్వించలేం.

ఎన్నికకు ముందే అందరిచేతా ఒట్టు వేయించుకోవాలని నరసింగరావు చూశాడు. మొన్న వేసవిలోనే ఈ పేటకు వచ్చిన దేవసహాయం గారు అడ్డుపడ్డారు.

“మేం ఒట్టు పెట్టుకోకూడదు బాబూ. మా ప్రభువు వద్దన్నాడు. మాట చాలు” అన్నారు.

ఆదివారం ప్రసంగంలో మాత్రం, “ఎవరికెయ్యాలో నేను చెప్పను. తెర వెనక మీరూ, దేవుడూ తప్ప ఇంకెవరూ ఉండరు. భయపడకండి” అన్నారు. ఓట్ల రోజున చూపులేని తాయారమ్మను నడిపించుకుంటూ ఆయనా ఓట్లు వేసే బడిలోకి వెళ్లి వచ్చారు. వాళ్ల వెనకే అప్పలసూరి వెళ్లాడు.

ఎంత చెప్పినా భయం భయమే. పెట్టె విప్పి లెక్కపెడితే కొండబాబుకు రెండే ఓట్లు. ఒకటి అతనిదే. అతను అప్పటికప్పుడే నౌపడ ఉప్పు మడుల వైపు పారిపోయాడు. రెండోది ఎవరిదో ఇప్పుడు తేలాలి.

“దొరికినోడు కొండల్లో ఉన్న నక్సలైట్లకి బియ్యం మోస్తన్నాడని కేంపు పోలీసులకి ఒక్క మాట సెప్తాను. మరింక ఆడు ఇంటికి రాడు” అని నరసింగరావు ముందే చెప్పాడు. పక్క ఊరి నుంచి అలా తీసుకెళ్లిన మనిషి ఏమయ్యాడో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

గురమ్మ మొగుడి చొక్కా పట్టుకుని లాగింది.

“మావా, నిజిం సెప్పు. నువ్వు గానీ ఏసినావా?”

అప్పలసూరి ఆమె చెయ్యి విడిపించుకున్నాడు.

“ఏసుంటే అబద్ధం ఆడీ మావా. పిల్లల మొకం సూడు.”

“దేవుడి పుస్తకం మీదేటే?” అన్నాడు అప్పలసూరి.

గురమ్మకు ప్రభువా, ప్రభువా అనుకోవడం తప్ప ప్రార్థన కూడా గుర్తు రాలేదు.

“అప్పలసూరీ, రా.”

అతను ముందుకు వెళ్లాడు. ఎత్తిన చెయ్యి బైబిలు దగ్గరదాకా వెళ్లి ఆగిపోయింది.

“ఏటిరా, ఆగినావు?”

“బాబూ...”

“అతన్ని వదిలెయ్యండి” అన్నారు దేవసహాయం గారు. “ఆ ఓటు నాది.”

నరసింగరావు కుర్చీలోంచి లేచాడు.

“ఒట్టెట్టు.”

పాస్టరు గారు ఒక్క క్షణం కళ్లు మూసుకుని కుడిచెయ్యి బైబిలు మీద పెట్టారు. “దేవుని తోడు. కొండబాబుకి ఓటు వేసింది నేనే.”

“నువ్వు బడిలోకెల్లడం నా కళ్లతో సూసినాన్లే. ఎక్కు బండి!”

ఒట్టే వద్దని చెప్పిన మనిషి ఒట్టు వేశాక ఇంక అనుమానం ఎవరికి ఉంటుంది? గురమ్మకు ప్రాణం లేచి వచ్చింది. వెనువెంటనే కోపమూ వచ్చింది. ఈ ముక్కేదో ముందే ఒప్పుకుంటే ఇందరి గుండెలు ఇలా కొట్టుకునేవి కావు కదా!

బైబిలు అప్పలసూరి చేతిలో పెట్టి పాస్టరు గారు బండెక్కారు. బండి మలుపు తిరిగింది. అప్పలసూరి ఉన్నచోటే కూలబడి బైబిలును గుండెకు హత్తుకుని వెక్కి వెక్కి ఏడవసాగాడు.

“ఏటి మావా, గండం గడిసింది కద! ఏడుస్తావేటి?” అంది గురమ్మ అతని భుజం పట్టుకుని.

అప్పలసూరి తల ఎత్తలేదు.

“అయ్యగోరికి ఈ ఊర్లో ఓటే నేదు.”