ఉబ్బిన టైరు

"ఈ టైరు నువ్వు కొంటానన్నా నేనమ్మను బాబూ. పక్కన ఉబ్బింది చూశావా? లోపల ఏదో తెగితేనే పైకి ఉబ్బుతుంది."

పాత టైరును మూలకి విసిరేసి, షాపు యజమాని చేతులు దులుపుకున్నాడు.

కొనడానికొచ్చినవాడు వెళ్ళాక చూస్తే, తలకి స్కార్ఫు బిగించి కట్టుకున్న ఒకావిడ గుమ్మంలో నిలబడి ఉంది.

"హాస్పిటల్ నుంచి వచ్చానండీ. మొన్న మీ ఆవిడకి అపెండిక్స్ తీశారు కదా? ఫోన్ చేస్తే మీరు ఎత్తడం లేదు."

"కుట్లు కూడా విప్పేశారు కదమ్మా! ఇంకేం మిగిలింది?"

"తీసిన అపెండిక్స్ మీద చిన్న చిన్న తిత్తులున్నాయి. ఇప్పుడు మీరన్నారే, అలాంటి ఉబ్బులే. అందరికీ కాదుగానీ, కొందరికి వాటితోపాటు గడ్డ కూడా దాక్కుని ఉంటుంది. ఒకసారి పేగులోకి కెమెరా వేసి చూడాలి."

"తీసి పారేసినదాని మీద ఉబ్బుంటే మాకేంటమ్మా?"

"అది పోయింది. దాని పక్క పేగు ఇంకా లోపలే ఉంది కదండీ. నేను అక్కడ..."

"తెలుసులేమ్మా. పేషెంటుని పట్టుకొస్తే ఇంత అని ఇస్తారా మీకు?"

ఆవిడ నొచ్చుకోలేదు. చిన్నగా నవ్వింది.

"కాసేపు కూర్చోవచ్చా? ఎండకి కళ్ళు తిరుగుతున్నాయి."

స్టూలు మీదున్న ట్యూబుల కట్ట అతను తీయలేదు.

కొన్నాళ్ళకి మళ్ళీ వచ్చింది, ఇంకా చిక్కిపోయి. అతను మోగని ఫోన్ చెవికి పెట్టుకుని అటు తిరిగాడు.

"షాపుకి ఎవరో ఆవిడ వస్తోందటగా?" అంది భార్య ఆ సాయంత్రం.

"ఏజెంటులే. గిరాకీ లేక తిరుగుతోంది. నువ్వు బాగానే ఉన్నావుగా?"

"నాకేం, గుండ్రాయిలా ఉన్నాను!"

ఇద్దరూ నవ్వుకున్నారు.

లాభం లేనిదే ఎవరూ ఇంకొకరి గుమ్మం ఎక్కరని అతని లెక్క. ఆ లెక్క మీదే ఇన్నేళ్ళూ షాపు నడిచింది.

ఏడాది తిరిగేసరికి భార్యకి ముద్ద దిగడం ఆగిపోయింది. పొట్ట ఉబ్బింది.

స్కానింగు చూసి సర్జన్ నిట్టూర్చాడు.

"గడ్డ. కడుపంతా పాకింది. అప్పుడే కెమెరా వేయించి ఉంటే చిన్న ఆపరేషన్‌తో పోయేది. మా డాక్టరమ్మ వచ్చి చెప్పలేదా మీకు?"

"ఏ డాక్టరమ్మండీ?"

"తలకి స్కార్ఫు కట్టుకునేవారు. కోసి తీసినవన్నీ మైక్రోస్కోపులో చూసేది ఆవిడే. మీరు ఫోన్ ఎత్తడం లేదని తనే బయల్దేరారు."

స్టూలు మీది ట్యూబుల కట్ట అతని కళ్ళముందు మెదిలింది.

"ఎక్కడున్నారండీ ఆవిడ? ఒక్కసారి కాళ్ళ మీద పడతాను."

"పోయారండీ. మందులకి జుట్టంతా రాలిపోయినా డ్యూటీ మానలేదు."

సర్జన్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఎప్పుడో తీసిన తన అపెండిక్స్ స్లైడును, జబ్బు ముదిరాక తనే తెప్పించి చూసుకున్నారు. దాని మీదా ఇవే తిత్తులు... అప్పట్లో చెప్పడానికి ఆవిడ గుమ్మం మాత్రం ఎవరూ ఎక్కలేదు."