గేటు దగ్గరి కుర్చీ

కారు దిగబోతున్న అంబరీష్‌ను భార్య భూమిక మోచేయి పట్టుకుని ఆపింది. మడికేరి చేరేసరికి మధ్యాహ్నం దాటుతుందని, రిసార్టు వాళ్ళు గది ఇంకెవరికో ఇచ్చేస్తారని ఆమె భయం. కానీ తమ వీధిలోనే ఉండే ఎనభై ఎనిమిదేళ్ళ అక్కమ్మ కర్ర ఊతంతో పోలింగ్ జరిగే బడి వైపు ఒక్కతే నడుస్తుంటే, చూసీ చూడనట్టు పోవడానికి అతనికి మనసొప్పలేదు.

"ఎందుకవ్వా ఈ నడక? ఎనభై ఐదు దాటినోళ్ళ ఓటు ఏయించుకునేదానికి ఆఫీసర్లే ఇంటికొస్తారంట గదా," అన్నాడు.

"వచ్చినారు కదప్పా. మంచోళ్ళు. కాఫీ తాగి పోయినారు."

కాఫీ ఇచ్చి పంపేసిందన్నమాట. మోకాళ్ళు అరిగిపోయిన మనిషికి ఎంత పట్టుదల అనుకున్నాడు. ఈలోగా ఆమె ఎదురు ప్రశ్న వేసింది.

"నువ్వు ఏసినావా?"

సాయంత్రం వేస్తానని అబద్ధమాడాడు. కారు వెనక సీట్లోని సూట్‌కేసులను ఆమె ఒకసారి చూసింది.

వాళ్ళుండే శ్రీనిధి లేఔట్ చింతామణి పొలిమేరలో ఉంది. పగలంతా మనుషులు బెంగుళూరు ఉద్యోగాల్లో ఉంటారు కాబట్టి వీధిలోకి ఎవరొచ్చిందీ ఎవరు పోయిందీ తెలిసేది అక్కమ్మకొక్కదానికే. రాజకీయానికి మాత్రం అక్కడ కరువు లేదు. సగం ఇళ్ళు ఒక పార్టీ, సగం ఇళ్ళు ఇంకో పార్టీ. వాట్సాప్ గ్రూపులో పొద్దున ప్రభుత్వాన్ని కూల్చి సాయంత్రానికి మళ్ళీ నిలబెడతారు. తీరా ఓటు రోజున సెలవు దొరికింది కదా అని తాళాలు వేసుకుని ఊళ్ళు పట్టుకుని పోతారు. పోయినసారి వందకు ముప్పై ఎనిమిది ఓట్లే పడ్డాయి.

తాగునీటి పైపు కావాలని లేఔట్ వాళ్ళు రెండు పార్టీల నాయకుల దగ్గరికీ వెళ్ళారు. ఓట్లు వెయ్యనివాళ్ళకు పైపెందుకని ఇద్దరూ ఒకే మాట అన్నారు. ఏ విషయంలోనూ పొసగని ఆ పార్టీలు అక్కడ మాత్రం కలిశాయి. ఈసారి కూడా బూత్ ఖాళీగా ఉంటే ఇంకో అయిదేళ్ళు ట్యాంకరు నీళ్ళే గతి. ఆ రోజు వాళ్ళ వెంట వెళ్ళిన అక్కమ్మ కూడా ఆ మాట వింది.

ఆమెను కారెక్కించుకొచ్చి, బడి దగ్గర దించి వెళ్ళిపోదామనుకున్నాడు అంబరీష్. ఆమె లోపలికి పోకుండా గేటు దగ్గరే నిలబడింది. ఎన్నికల ఆఫీసరు బయటికొచ్చి ఏమిటని అడిగాడు. అక్కమ్మ అతని చెవిలో ఏదో చెప్పింది. అతను నవ్వి, గేటు అవతల కానుగ చెట్టు నీడలో తనే కుర్చీ వేయించాడు.

"లోపలికి పోదాం రా అవ్వా," అన్నాడు అంబరీష్.

"మన లేఔటోళ్ళంతా ఓటేసినాకే నేను ఈడనించి లేచేది," అంది అక్కమ్మ.

ఇక అతనికి కారు స్టీరింగ్ పట్టుకోవడానికి చేతులు రాలేదు. భార్యాభర్తలిద్దరూ వరుసలో నిలబడి ఓటు వేశారు. బయటికొచ్చాక అక్కమ్మ ఫొటో తీసి గ్రూపులో పెట్టాడు. మనం రాకపోతే అవ్వ ఓటు పోతుందని కింద రాశాడు. నంది బెట్ట కొండ దాకా పోయిన రెండు కార్లు వెనక్కి తిరిగాయి.

ఈ సంగతి తెలిసి ఒక పార్టీ బయ్యప్ప, ఇంకో పార్టీ మునినారాయణ పరుగెత్తుకొచ్చారు. అక్కమ్మ భర్త బతికున్నన్నాళ్ళూ తమ జెండానే మోశాడు కాబట్టి ఆమె ఓటు తమదేనని బయ్యప్ప నమ్మకం. నెలనెలా పింఛను ఇస్తున్నది తమ ప్రభుత్వమే కాబట్టి తమదేనని మునినారాయణ ధీమా. ఆమె లేవకపోతే తన ఓటే పోయినట్టని ఇద్దరూ హడలిపోయారు.

బయ్యప్ప స్కూటర్ మీద తన పార్టీ వాళ్ళను మాత్రమే తెచ్చాడు. మూడో అడ్డరోడ్డు వాళ్ళు రాలేదేమని అక్కమ్మ అడిగింది. ఆ రోడ్డంతా అవతలి పార్టీ. పళ్ళు నూరుకుంటూ వెళ్ళి వాళ్ళనూ తెచ్చాడు. మధ్యాహ్నానికి మునినారాయణ ఆటోలో బయ్యప్ప ఓటర్లు, బయ్యప్ప స్కూటర్ మీద మునినారాయణ ఓటర్లు తిరుగుతున్నారు. ఎవరింట్లో ఎంతమందో ఆ ముసలామెకు వేళ్ళ మీద ఉంది.

ఎవరొచ్చినా మనకు ఒరిగేదేముందని ఒక కుర్రాడు గొణిగాడు. జంగమకోటెలో నలభై ఏళ్ళు మల్బరీ ఆకేసి పట్టుపురుగులు పెంచిన మనిషి అక్కమ్మ.

"ఆకెయ్యకుండా గూడు కట్టమంటే పురుగు కడతాదా నాయనా?"

కుర్రాడు తల గోక్కుంటూ వరుసలోకి వెళ్ళాడు.

రెండింటికి నీడ పక్కకు జరిగింది. అక్కమ్మ జరగలేదు. మడికేరి మరిచిపోయిన భూమిక ఆమెకు గొడుగు పట్టింది. ఇన్నేళ్ళూ గ్రూపులో తను రాసిన రాజకీయమంతా ఈ కుర్చీ ముందు దూదిపింజతో సమానమని అంబరీష్‌కు అనిపించింది. ఆమె కాళ్ళకు మొక్కాలనిపించింది.

ఆరుకు పది నిమిషాలుండగా లెక్క తెలిసింది. వందకు ఎనభై నాలుగు. లేఔట్ వాళ్ళు చప్పట్లు కొట్టారు. దూరాభారం పోయి తిరిగి రాలేనివాళ్ళు తప్ప ఇక మిగిలింది అవ్వ ఓటే. బయ్యప్ప ఒక చెయ్యి, మునినారాయణ ఒక చెయ్యి అందించి ఆమెను లేపారు.

అక్కమ్మ కర్ర అందుకుని, మెల్లగా ఇంటి దారి పట్టింది.

అంబరీష్ గాబరాగా అడ్డం వెళ్ళాడు. "అవ్వా, బూత్ ఇటుండాది. ఇంక పది నిమిషాలే. నీ ఓటు పోతాది."

ఆమె ఆగి, ముగ్గురి మొహాలూ చూసి, పళ్ళు లేని నోటితో నవ్వింది.

"నా ఓటు వారం కిందనే ఆ కాఫీ తాగినోళ్ళ పెట్టెలో ఏసేసినా కదప్పా."