అడవిలో ఆగిన మనిషి

అడవిలో కొండ ఎక్కుడు మొదలయ్యే చోట అపోలిన్ స్కీ కర్ర ఫట్‌మని విరిగింది.

కుడిచేతిలో మణికట్టు పట్టీ, జానెడు ముక్క మిగిలాయి.

ఆమెకు ముప్పై అయిదేళ్లు. దేశం జట్టులో ఒక్క చోటే ఖాళీ ఉంది. ఈ రేసులో ఆడవాళ్లలో ఎవరు మొదటొస్తే వాళ్లకే అది. ఈసారి తప్పితే ఇక పిలవరన్న మాట మాత్రం కోచ్ గాస్పార్ అనలేదు. పొద్దున స్కీలకు మైనం రుద్దుతూ తల వంచుకునే ఉన్నాడు.

ఆడవాళ్లలో ఆమెకు ముందు ఎవరూ లేరు. కానీ ఒంటి కర్రతో ఆ ఎక్కుడు ఎక్కడమంటే పాక్కుంటూ పోవడమే. ఇంకో కర్ర అందించే మనిషి కొండ అవతల ఉన్నాడు.

దారి పక్కన పోటీదారులను హుషారెక్కించడానికి ఆవుగంటలు ఊపుతున్న గుంపులోంచి ఒకతను, పుట్టగొడుగులు ఏరుతున్నావా పిల్లా, వాటికింకా చాలా నెలలున్నాయే అన్నాడు. అందరూ నవ్వారు.

ఆమెకు కోపం కూడా రాలేదు. పదిహేనేళ్లుగా ఈ శరీరంతో తను చేసిన బేరమంతా ఎవరిదో బతుకులా దూరంగా కనిపించింది.

అప్పుడే వెనకనుంచి స్కీల చప్పుడు. పాత గాలికోటు వేసుకున్న ఒకావిడ పక్కకొచ్చి ఆగింది. షికారుకొచ్చిన ఊరావిడ అనుకుంది అపోలిన్.

ఆవిడ మణికట్టు పట్టీ విప్పి తన కర్ర అందించింది.

"తీసుకోండి. కాస్త పొట్టిది, సర్దుకోవాలి మరి."

"మీరెలా?"

"నాదేముందమ్మా. నాకోసం ఎవరూ కాచుకుని లేరు. పదండి, చెమట ఆరితే కాళ్లు పట్టేస్తాయి."

అపోలిన్ పేరడగలేదు. వెనక్కి చూడలేదు. చూస్తే ఆవిడా తనలాంటి మనిషేనని అనిపిస్తుందని, అప్పుడు కదల్లేనని ఎందుకో భయమేసింది.

అపోలిన్ ఆడవాళ్లలో మొదటొచ్చింది. గాస్పార్ కళ్లు తుడుచుకోవడం మొదటిసారి చూసింది.

చాలాసేపటికి ఆ గాలికోటావిడ ఒంటి కర్రతో ముగింపు గీత దాటింది. విప్పిన కోటు కింద రేసు నంబరు కనిపించింది. పోటీలో ఉన్న మనిషా అని అపోలిన్ ఆశ్చర్యపోయింది. ఆవిడెవరో కనుక్కుని రమ్మని గాస్పార్‌ను పంపింది.

ఆవిడ సూపు ఇచ్చే గుడారంలో గిన్నె పట్టుకుని పక్కవాళ్లతో ఏదో చెప్పి నవ్వుతోంది. అపోలిన్‌ను చూసి చెయ్యూపింది.

గాస్పార్ సమయం లెక్కగట్టేవాళ్ల దగ్గర్నుంచి తిరిగొచ్చాడు. ముఖం వాడిపోయి ఉంది.

"జట్టు పేర్లు పంపేశారు. ఇక మార్చరు. ముందు అది గుర్తుపెట్టుకో."

"నేనడిగింది ఆవిడ గురించి."

"పేరు ఒడిల్. ఎవరికీ తెలీదు, పోటీకి రావడం ఇదే మొదలట. పేరులేనివాళ్లని చివరి వరుసలోంచి వదులుతారుగా. మీ మొదటి వరుస వెళ్లిన పావుగంటకి బయల్దేరింది."

"పావుగంటా?"

"అవును. ఎవరు ఎప్పుడు బయల్దేరితే అప్పట్నుంచే వాళ్ల సమయం లెక్క. ఆమెకు ఈ సంగతి తెలీదు, చెప్పకు."

"ఏ సంగతి?"

గాస్పార్ గుడారం వైపు చూడలేక, మంచు వైపు చూస్తూ చెప్పాడు.

"అడవిలో నీ పక్కన ఆగేదాకా, ఆడవాళ్లలో మొదట ఉన్నది ఆమే."